గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్: ఒకటిన్నర రోజులో ఏ వ్యూపాయింట్లు, ఏ వేళకి?

దారివెంట (ప్రశ్న; ఇక్కడ విడిగా కనిపించే పేర్లన్నీ రాసినవాళ్ళ కలం పేర్లు)

అక్టోబర్ మూడో వారంలో ఆరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌కి, అంటే ఆ లోయ దక్షిణపు అంచుకి, వెళ్తున్నాం. మొత్తం నలుగురం: మేమిద్దరం, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న. లాస్ వేగస్‌లో పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి పార్కు చేరతాం. ఆ రాత్రి టుసాయన్‌లో బస. మర్నాడు రాత్రికి పేజ్ అనే ఊరు చేరాలి. అంటే మా చేతిలో ఉన్నది ఒక మధ్యాహ్నం, ఒక పూర్తి పగలు.

నాన్నకి మోకాళ్ళ నొప్పి. చదునుగా ఉంటే అర మైలు నడుస్తారు. మెట్లు, ఎగుడుదిగుడు దారి కష్టం. మ్యాపు చూస్తే రిమ్ పొడవునా బోలెడు వ్యూపాయింట్లు ఉన్నాయి. అన్నిటి దగ్గరా ఐదేసి నిమిషాలు ఆగి, ఫొటో తీసుకుని పరుగెత్తడం మాకిష్టం లేదు.

ఏవి వదిలేసినా ఫర్వాలేదు? సూర్యాస్తమయం ఎక్కడ, సూర్యోదయం ఎక్కడ? కొలరాడో నది ఎక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది? షటిల్ బస్సులే గతా, సొంత కారులో తిరగొచ్చా?

గట్టుమీద

ముందు రోడ్ల సంగతి తేల్చుకుంటే మిగతాది సులువు. సౌత్ రిమ్‌లో వ్యూపాయింట్లున్న రోడ్లు రెండు. పార్కు లోపలి ఊరికి (గ్రాండ్ కాన్యన్ విలేజ్) పడమర వైపు 7 మైళ్ళ హెర్మిట్ రోడ్. తూర్పు వైపు సుమారు 25 మైళ్ళ డెజర్ట్ వ్యూ డ్రైవ్. హెర్మిట్ రోడ్‌లోకి మార్చి 1 నుంచి నవంబర్ 30 దాకా ప్రైవేటు కార్లను రానివ్వరు, రెడ్ రూట్ షటిల్ ఒక్కటే. డెజర్ట్ వ్యూ డ్రైవ్ ఏడాది పొడవునా కార్లకు తెరిచే ఉంటుంది, అటువైపు చివరిదాకా షటిల్ ఉండదు. కాబట్టి మొదటి మధ్యాహ్నం బస్సులో పడమరకి, రెండో రోజు కారులో తూర్పుకి వెళ్ళండి. పేజ్‌కి దారి కూడా తూర్పు గేటు మీదుగానే, వెనక్కి తిరిగొచ్చే పని ఉండదు.

రెడ్ రూట్ బస్సు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వెళ్ళేటప్పుడు అది తొమ్మిది చోట్లా ఆగుతుంది: ట్రెయిల్‌వ్యూ, మారికోపా, పావెల్, హోపి, మొహావీ, అబిస్, మాన్యుమెంట్ క్రీక్ విస్టా, పీమా, చివరికి హెర్మిట్స్ రెస్ట్. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మూడు చోట్లే ఆగుతుంది: పీమా, మొహావీ, పావెల్. ఇది తెలియక జనం సూర్యాస్తమయానికి హోపి పాయింట్‌లో దిగిపోతారు. చీకటి పడ్డాక ఊరి వైపు వెళ్ళే బస్సు అక్కడ ఆగదు. అప్పుడు పావెల్ దాకా 0.3 మైలు చీకట్లో నడవాలి, లేదా పడమరకి వెళ్ళే బస్సెక్కి హెర్మిట్స్ రెస్ట్ దాకా పోయి మొత్తం చుట్టు తిరిగి రావాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళతో ఈ రెండూ వద్దు.

మీకు సరిపడే వరస ఇది. కారు ఊళ్ళో బ్యాక్‌కంట్రీ ఇన్ఫర్మేషన్ సెంటర్ దగ్గరున్న డీ పార్కింగ్‌లో పెట్టండి. విజిటర్ సెంటర్ దగ్గర పెడితే బ్లూ రూట్ బస్సులో ఊరంతా దాటి రావడానికే చాలా సమయం పోతుంది. డీ నుంచి బ్లూ బస్సులో హెర్మిట్స్ రెస్ట్ ట్రాన్స్‌ఫర్ స్టాప్‌కి వచ్చి రెడ్ బస్సెక్కండి. దారిలో ఒక్క అబిస్ దగ్గర దిగండి. అక్కడ గోడ దాదాపు 3,000 అడుగులు నిట్టనిలువుగా టోంటో పీఠభూమి మీదికి పడిపోతుంది. రోడ్డుకి దగ్గరే, పెద్దగా నడక ఉండదు. తర్వాతి బస్సులో నేరుగా హెర్మిట్స్ రెస్ట్ చేరండి. ఆర్కిటెక్ట్ మేరీ కోల్టర్ రూపకల్పన చేసిన 1914 నాటి రాతి కట్టడం అది. లోపల పెద్ద పొయ్యి, పక్కనే టాయిలెట్లు, నీళ్ళు ఉంటాయి. ఊరు దాటాక ఈ రోడ్డు మీద నీళ్ళు దొరికేది ఇక్కడ ఒక్కచోటే, సీసాలు ఊళ్ళోనే నింపుకుని బయల్దేరండి.

తిరుగు బస్సులో మొదట పీమా. గాలి లేని సాయంత్రం అక్కడ మాట్లాడకుండా రెండు నిమిషాలు నిలబడితే కింద రాపిడ్ (నది రాళ్ళ మీదుగా ఉరకలేసే చోటు) హోరు చెవికి అందుతుంది. అంత లోతు నుంచి శబ్దం పైకి రావడం మిగతా పాయింట్లలో అరుదు. తర్వాత మొహావీ. సూర్యాస్తమయం ఇక్కడే చూడండి. నది ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది, బైనాక్యులర్స్ ఉంటే రాపిడ్స్ తెల్లటి నురగ గీతల్లా తెలుస్తాయి. హోపి అంత కిక్కిరిసి ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, తిరుగు బస్సు ఇక్కడ ఆగుతుంది.

ఆ వారంలో సూర్యాస్తమయం సుమారు 5:45కి. మొహావీకి 5 గంటలకల్లా చేరుకోండి. ఎక్కడా దిగకుండా ఈ రూట్ మొత్తం తిరిగితేనే 80 నిమిషాలు, మూడు చోట్ల దిగితే మూడు గంటలు ఇట్టే అయిపోతాయి. అందుకని రెడ్ బస్సు 2 దాటకుండా ఎక్కాలి. వేగస్ నుంచి 280 మైళ్ళు, ఆగకుండా వస్తే నాలుగున్నర గంటలు. పొద్దున 7కి బయల్దేరితే మధ్యలో ఓసారి ఆగినా సరిపోతుంది.

సూర్యుడు దిగీ దిగగానే అందరూ ఒక్కసారి బస్సు వైపు పరుగెడతారు, మొదటి బస్సు నిండిపోతుంది. ఆ తోపులాటలో పడొద్దు. ఆఖరి బస్సు సాధారణంగా సూర్యాస్తమయం తర్వాత గంట దాకా ఉంటుంది, కచ్చితమైన వేళ స్టాప్ దగ్గర బోర్డు మీద చూసుకోండి. ఓ పాతిక నిమిషాలు ఆగితే జనం పలచబడతారు, పొద్దు గుంకాక మిగిలే వెలుగు కూడా మీకు దక్కుతుంది. తలకి పెట్టుకునే టార్చి ఒకటి, మంచి జాకెట్లు దగ్గరుంచుకోండి. ఇక్కడ ఎత్తు దాదాపు 7,000 అడుగులు. అక్టోబర్ పగళ్ళు 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా ఉన్నా, రాత్రికి 2 డిగ్రీలకి పడిపోతుంది. పొద్దు వాలిన పది నిమిషాలకే చలి తెలుస్తుంది.

వదిలేయదగ్గవి ట్రెయిల్‌వ్యూ, మారికోపా, మాన్యుమెంట్ క్రీక్. బాగుండవని కాదు, మీకున్న టైములో అవి చూపించేది మిగతావి కూడా చూపిస్తాయి.

పొరలరాయి

వరస బాగుంది. వెలుతురు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది నిరాశపడేది దాని వల్లే. సౌత్ రిమ్ మీద నిలబడితే మనం ఉత్తరానికి చూస్తుంటాం. పగటి పొద్దంతా సూర్యుడు మన వీపు వెనకే ఉంటాడు. ఎదుటి గోడల మీద వెలుగు సూటిగా పడి నీడలన్నీ మాయమవుతాయి. నీడ లేకపోతే లోతు తెలియదు. 10 మైళ్ళ దూరం కూడా గోడకి వేలాడదీసిన పటంలా చదునుగా కనిపిస్తుంది. కాన్యన్ లోతు కంటికి తెలిసేది పొద్దున మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు. మధ్యాహ్నాన్ని భోజనానికి, మ్యూజియానికి, దారికి వాడుకోండి.

సూర్యాస్తమయం అనగానే అందరూ సూర్యుడి వైపే చూస్తారు. మీరు తూర్పుకి తిరగండి. నీడ అడుగునున్న ఇరుకు లోయని ముందు నింపేసి, నీళ్ళు నిండుతున్నట్టు మెట్టు మెట్టుగా పైకి పాకుతుంది. చివరికి శిఖరాల కొసలు మాత్రమే ఎర్రగా మిగులుతాయి. పొద్దునపూట ఇదే తలకిందులు: కొసలు ముందు వెలిగి వెలుగు కిందికి దిగుతుంది. అందుకే సూర్యుడు కనపడగానే వెళ్ళిపోవద్దు, ఇంకో నలభై నిమిషాలు ఉండాలి.

సూర్యోదయానికి మేథర్ పాయింట్ మీకు నప్పుతుంది. విజిటర్ సెంటర్ 1వ నంబరు పార్కింగ్ నుంచి ఐదు నిమిషాల చదును నడక, రెయిలింగ్ ఉంది. ఆ వారంలో సూర్యోదయం సుమారు 6:35కి, మీరు 6కల్లా అక్కడుండాలి. యాకీ పాయింట్ ఇంకా బాగుంటుంది కానీ అక్కడికి కార్లను ఏడాది పొడవునా రానివ్వరు, ఆరెంజ్ రూట్ బస్సే ఎక్కాలి. చలిలో, చీకట్లో, పెద్దవాళ్ళతో బస్సు కోసం నిలబడటం ఎందుకు? మేథర్ నుంచి నది ఒక చిన్న ముక్కలా కనిపిస్తుందంతే. నదికి లిపాన్, డెజర్ట్ వ్యూ, మొహావీ మేలు.

తర్వాత యావాపై జియాలజీ మ్యూజియం. కారు దాదాపు గుమ్మం దాకా వెళ్తుంది. పెద్ద అద్దాల కిటికీల ముందు నిలబడి ఏ పొర ఏదో అక్కడి బొమ్మలతో పోల్చుకోవచ్చు. బైనాక్యులర్స్‌తో వెతికితే అడుగున ఫాంటమ్ రాంచ్ అనే బస చుట్టూ ఉన్న చెట్ల పచ్చదనం, నది మీద వేలాడే వంతెన కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ఊరి వైపు వెళ్ళేదే ట్రెయిల్ ఆఫ్ టైమ్. చదునైన దారి. ఒక్కో మీటరు 10 లక్షల ఏళ్ళకి లెక్క. పక్కన ఆయా పొరల రాళ్ళను నున్నగా కోసి నిలబెట్టారు, చేత్తో తడిమి చూడొచ్చు. మీ నాన్నగారు ఓపికున్నంత నడిచి వెనక్కి రావచ్చు.

పొరలు గుర్తుపట్టడం నేర్చుకుంటే ప్రతి పాయింటూ కొత్తగా ఉంటుంది. పైనుంచి కిందికి మూడు గుర్తులు చాలు. రిమ్‌కి కాస్త కింద, చుట్టూ ఎటు చూసినా మీగడ రంగు పట్టీ ఒకటి ఉంటుంది, అది కోకొనినో ఇసుకరాయి. దాదాపు 27.5 కోట్ల ఏళ్ళ కిందటి ఎడారి ఇసుక తిన్నెలు గట్టిపడ్డాయి. సగం లోతులో సుమారు 500 అడుగుల ఎర్ర నిలువు గోడ రెడ్‌వాల్ సున్నపురాయి. పేరులో ఎరుపున్నా దాని అసలు రంగు బూడిద. పైనున్న సుపాయ్, హెర్మిట్ పొరల నుంచి వానకి కొట్టుకొచ్చిన ఇనుప తుప్పు దాని ఒంటికి పూత పూసింది. ఈమధ్య పెచ్చు ఊడిపడ్డ చోటు దొరికితే చూడండి, ఎర్రటి గోడ మధ్యలో బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది. ఇక అట్టడుగున నది పక్కన నల్లగా, గీతల్లేకుండా, నలిగినట్టున్న రాయి విష్ణు షిస్ట్. దాదాపు 175 కోట్ల ఏళ్ళది.

అవును, మన విష్ణువే. 1880ల్లో ఇక్కడ పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ శిఖరాలకు తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు, తర్వాతివాళ్ళు దాన్ని కొనసాగించారు. విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ అన్నీ మ్యాపులో ఉన్నాయి. రామ, కృష్ణ రెండూ విష్ణు టెంపుల్ పక్కనే. మేథర్ దగ్గర బ్రహ్మని, గ్రాండ్‌వ్యూ దగ్గర విష్ణుని మీ అమ్మగారికి చూపించండి. పార్కు మ్యాపు చేతిలో ఉంటే పోల్చుకోవడం కష్టం కాదు.

ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు వెలుగుతున్న రాతి మీద వేలు నొక్కి, వెలుతురు కాస్త తగ్గించండి. లేకపోతే ఫోను నీడల్ని తేల్చబోయి ఎర్ర రాయిని తెల్లగా మార్చేస్తుంది. మొత్తం లోయని ఒక్క ఫొటోలో ఇరికించొద్దు. రెండు మూడు రెట్లు జూమ్ చేసి ఒక శిఖరం, దాని నీడ తీస్తే ఆ ఫొటోలో లోతుంటుంది.

నిదానంగా

పై జవాబుల్లో ఒక సవరణ. హెర్మిట్ రోడ్‌లోకి కార్లను రానివ్వరన్నది అందరికీ వర్తించదు. నడవడం కష్టమైనవాళ్ళు కారులో ఉంటే సీనిక్ డ్రైవ్ యాక్సెసిబిలిటీ పర్మిట్ అని ఒకటి ఉచితంగా ఇస్తారు. గేటు దగ్గర రేంజర్‌నే అడగండి, విజిటర్ సెంటర్‌లో కూడా దొరుకుతుంది. దాన్ని కారు అద్దం దగ్గర బయటికి కనపడేలా పెట్టుకుంటే హెర్మిట్ రోడ్‌లోకీ, యాకీ పాయింట్‌కీ సొంత కారులో వెళ్ళొచ్చు. పర్మిట్ తీసుకునేటప్పుడే రోడ్డు మొదట్లో ఉన్న గేటు ఎలా తెరుచుకుంటుందో అడిగి తెలుసుకోండి. మోకాళ్ళ వల్ల మెట్లు, నడక కష్టమన్నారు కదా, మీకిది పనికొస్తుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

పర్మిట్ ఉంటే వరస కూడా మారుతుంది. బస్సు ఆగే చోట్లతో పని లేదు కాబట్టి హోపి పాయింట్‌ని వదలొద్దు. అది లోయలోకి ముందుకు పొడుచుకొచ్చిన చోటు, తూర్పు, పడమర రెండు వైపులా చూపు ఆనుతుంది.

బస్సులో వెళ్ళాలనుకుంటే అన్ని షటిళ్ళకీ ర్యాంప్ ఉంది. వీల్‌చెయిర్ ఎక్కుతుంది కానీ మోటారు స్కూటర్లు చాలావరకు పట్టవు. వీల్‌చెయిర్ కావాలంటే విజిటర్ సెంటర్ పక్కనున్న సైకిళ్ళ అద్దె దుకాణంలో దొరుకుతుంది. మాన్యుమెంట్ క్రీక్ విస్టా నుంచి హెర్మిట్స్ రెస్ట్ దాకా 2.8 మైళ్ళ గ్రీన్‌వే చదును చేసిన వెడల్పాటి దారి, వీల్‌చెయిర్‌ని తోసుకుంటూ వెళ్ళడానికి హెర్మిట్ రోడ్ వైపు అదే అనువైంది.

దారివెంట

పర్మిట్ సంగతి అస్సలు తెలియదు, చాలా థాంక్స్ అండి. రెండో రోజు గురించి మరి? పొద్దున మేథర్, యావాపై అయ్యాక తూర్పు వైపు వెళ్తాం. లిపాన్ దగ్గర సూర్యాస్తమయం చూసి అప్పుడు పేజ్‌కి బయల్దేరితే ఎలా ఉంటుంది? ఎంట్రీ ఫీజు ఎంతవుతుందో కూడా చెప్పగలరా?

తూర్పుగేటు

ఫీజు ముందు చెప్తాను. కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అమెరికాలో ఉండేవాళ్ళకి అన్ని నేషనల్ పార్కులకీ పనికొచ్చే వార్షిక పాస్ 80 డాలర్లు. 2026 జనవరి 1 నుంచి ఒక మార్పు వచ్చింది. అమెరికా నివాసులు కాని 16 ఏళ్ళు నిండినవాళ్ళకి గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం. 250 డాలర్ల నాన్ రెసిడెంట్ వార్షిక పాస్ కొంటే ఆ అదనపు రుసుము ఉండదు. జాయన్, బ్రైస్ కాన్యన్ కూడా ఆ 11లో ఉన్నాయి. మీ ప్రయాణంలో అవి కూడా ఉంటే లెక్క వేసుకుని ఏది చవకో చూసుకోండి. అమ్మానాన్నల పాస్‌పోర్టులు, మీ ఫొటో గుర్తింపు కార్డులు కారులో చేతికందేలా ఉంచుకోండి.

ఇక డెజర్ట్ వ్యూ డ్రైవ్. బయల్దేరే ముందు టుసాయన్‌లో గ్యాస్ (పెట్రోల్) నింపుకోండి, పార్కులోని ఊళ్ళో గ్యాస్ స్టేషన్ లేదు. పేర్లతో ఒక తికమక ఉంది: టుసాయన్ ఊరు దక్షిణ గేటు బయట ఉంటుంది. టుసాయన్ మ్యూజియం మాత్రం లోపల తూర్పు చివర, డెజర్ట్ వ్యూకి సుమారు 3 మైళ్ళు ఇవతల. ఫోన్లో టుసాయన్ అని కొట్టి దారి పట్టుకుంటే ఒకదానికి బదులు ఇంకోదానికి పోతారు.

మొదటి మజిలీ గ్రాండ్‌వ్యూ. దాదాపు 7,400 అడుగుల ఎత్తు, చుట్టూ పైన్ చెట్లు, విశాలమైన చూపు. పార్కింగ్ చిన్నది, ఖాళీ లేకపోతే రోడ్డు మీద ఆపకుండా ముందుకి వెళ్ళిపోండి. అక్కడ మొదలయ్యే కాలిబాట బాగా నిటారు, అటు దిగొద్దు. తర్వాత మొరాన్ పాయింట్. ఎర్ర, నారింజ రంగు రాళ్ళు ఇంత దగ్గరగా ఇంకెక్కడా కనిపించవు, కింద హాన్స్ రాపిడ్ కూడా తెలుస్తుంది.

నన్నడిగితే మొత్తం సౌత్ రిమ్‌లో ఒక్క పాయింటే చూడాలంటే లిపాన్. నది ఎస్ ఆకారంలో మెలికలు తిరుగుతూ, మెలిక లోపల ఉంకార్ డెల్టా అనే పచ్చటి చదును నేల, దాని పక్కన రాపిడ్. ఇంతదాకా చూసిన పొరలన్నీ అడ్డంగా, పేర్చినట్టుంటాయి. ఇక్కడ మాత్రం అడుగున ఉన్నవి ఏటవాలుగా ఒరిగి ఉంటాయి, వాటి మీద అడ్డపొర కత్తిరించినట్టు కూర్చుంటుంది. ఒరిగినవి గ్రాండ్ కాన్యన్ సూపర్ గ్రూప్ రాళ్ళు. భూమి కదిలి ఆ రాళ్ళు ఒరిగాయి, తర్వాత కోట్ల ఏళ్ళు వాటి పైభాగం అరిగిపోయింది, ఆ అరిగిన నేల మీద కొత్త పొర పడింది. మేథర్ దగ్గర ఇది అర్థం కాదు, ఇక్కడ కంటికే తెలిసిపోతుంది. పార్కింగ్ నుంచి నడక కూడా తక్కువే.

చివరిది డెజర్ట్ వ్యూ. 70 అడుగుల వాచ్‌టవర్‌ని కూడా మేరీ కోల్టరే 1932లో కట్టించింది. పైకి 85 మెట్లు, లిఫ్ట్ లేదు. నాన్నగారిని కింది గదిలో కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి. లోపలి గోడల మీద హోపి తెగ చిత్రకారుడు ఫ్రెడ్ కబోటీ వేసిన బొమ్మలున్నాయి. ఎక్కకపోయినా నష్టం లేదు. నది ఉత్తరం నుంచి వచ్చి పడమరకి తిరిగే మలుపు కింద రెయిలింగ్ దగ్గరే బాగా కనిపిస్తుంది.

లిపాన్‌లో సూర్యాస్తమయం తప్పకుండా చూడండి. అక్కణ్ణుంచి పేజ్ దాదాపు రెండు గంటలు.

నిదానంగా

ఆ ఆఖరి మాట ఒక్కటి ఒప్పుకోను. 5:45 దాకా లిపాన్‌లో ఉంటే ఆ రెండు గంటలూ చీకట్లోనే నడపాలి. పార్కు లోపల ఎల్క్‌లు (పెద్ద జాతి దుప్పులు) సంధ్యవేళే రోడ్డు దాటతాయి. కారు లైటు వెలుగులో వాటి కాళ్ళే ముందు కనిపిస్తాయి, ఒళ్ళు కనపడేసరికి బ్రేకు పట్టే దూరం ఉండదు. గేటు దాటాక నవాహో నేషన్‌లో, అంటే నవాహో తెగవాళ్ళ భూమిలో, పశువులు రోడ్డు మీదికి వస్తాయి. దారి కొత్త, దీపాలుండవు, కారులో పెద్దవాళ్ళు.

డెజర్ట్ వ్యూ ముందు చూసేయండి. అక్కడే భోజనం చేసి, నవాహో పాయింట్ మీదుగా వెనక్కి వచ్చి లిపాన్‌కి 3:15కి చేరండి. అక్టోబర్‌లో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి 4 గంటలకే నీడలు సాగి, ఒరిగిన పొరలు విడివిడిగా తేలతాయి. 4:15కి బయల్దేరితే కామెరాన్ దాటి హైవే 89 మీద చాలా దూరం వెలుతురుండగానే వెళ్ళిపోతారు. సూర్యాస్తమయం ముందురోజే చూసి ఉంటారు కదా.

తూర్పుగేటు

పెద్దవాళ్ళున్నప్పుడు మీ మాటే సరైంది. మధ్యాహ్నం లిపాన్ చాలు.

గట్టుమీద

అంచు గురించి ఎవరూ చెప్పలేదు, అది చెప్పకుండా ఈ చర్చ ముగియకూడదు. రెయిలింగ్ ఉన్నది పేరున్న పాయింట్లలో కొంత భాగానికే. రిమ్‌లో ఎక్కువ భాగానికి ఏ అడ్డూ లేదు. అంచుకి కనీసం 6 అడుగుల దూరంలో ఉండమని పార్కువాళ్ళు చెప్తారు, దాన్ని తాడు కట్టినట్టు పాటించండి. అంచున ఉండే కైబాబ్ సున్నపురాయి జనం తొక్కీ తొక్కీ నున్నబడి ఉంటుంది, దాని మీద సన్నటి గులకరాళ్ళు పరుచుకుని ఉంటాయి. బూటు కింద అవి పూసల్లా దొర్లుతాయి. పడేది అంచున నిలబడినవాళ్ళే కాదు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి అడుగులేసినవాళ్ళు, రెయిలింగ్ దాటి అవతలి బండ మీదికి వెళ్ళినవాళ్ళు, ఎగిరిపోయిన టోపీ కోసం చెయ్యి చాచినవాళ్ళు. ఫొటో తీసేవాళ్ళు కూడా ఫోన్లోంచి చూస్తూ నడవొద్దు. ముందు ఆగి, తర్వాత ఫోను ఎత్తండి.

పొద్దున్నే నేల మీద తెల్లటి పొర కనిపిస్తే అది మంచు. అక్టోబర్‌లోనూ ఒక్కోసారి పడుతుంది. నాన్నగారికి చేతికర్ర ఉంటే తీసుకురండి, లేకపోతే రబ్బరు తొడుగున్న ట్రెకింగ్ పోల్ ఒకటి కొనండి.

7,000 అడుగుల ఎత్తులో మామూలు నడకకే ఆయాసం వస్తుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు వేళ తప్పకుండా వేసుకోవాలి. దాహం లేకపోయినా గంటకోసారి రెండు గుక్కలు తాగాలి, గాలి పొడిగా ఉండి ఒంట్లో నీరు తెలియకుండానే పోతుంది.

ఉడతలకి ఏమీ పెట్టొద్దు. చేతిలో తిండి చూస్తే మీదికొస్తాయి, కరుస్తాయి. ఎల్క్‌లకి 100 అడుగుల దూరం. డ్రోన్ తీసుకురావద్దు, నేషనల్ పార్కుల్లో నిషేధం. ఆకాశంలో రెక్కల కింద నంబరు బిళ్ళతో పెద్ద నల్ల పక్షి తేలుతూ కనిపిస్తే అది కాలిఫోర్నియా కాండోర్. రెక్కల వెడల్పు తొమ్మిదిన్నర అడుగులు. అంతరించబోయిన ఆ పక్షిని ఈ ప్రాంతంలో 1996 నుంచి మళ్ళీ వదులుతున్నారు. బైనాక్యులర్స్ అప్పటికి మెడలో ఉండాలి, సంచిలో కాదు.

దారివెంట

అన్నీ రాసుకున్నాను. చివరగా రెండు. అద్దాల వంతెన, అదే స్కైవాక్, ఈ దారిలోనే ఉంటుందా? మూడో రోజు పొద్దున పేజ్‌లో యాంటిలోప్ కాన్యన్ టూర్ బుక్ చేశాం, అక్కడ టైమ్ జోన్ మారుతుందని ఎవరో అన్నారు.

తూర్పుగేటు

స్కైవాక్ ఈ దారిలో లేదు, ఈ పార్కులోనూ లేదు. అది వెస్ట్ రిమ్‌లో వాలపాయ్ తెగవాళ్ళ సొంత భూమిలో ఉంది, వేరే టికెట్, నేషనల్ పార్కు పాస్ చెల్లదు. వేగస్ నుంచి వేరే రోడ్డు, దానికే ఒక రోజు పోతుంది. మీ ప్రయాణంలో ఇరికించొద్దు.

టైమ్ సంగతి: ఆరిజోనా ఏడాది పొడవునా ఒకే టైమ్ పాటిస్తుంది. అక్టోబర్‌లో వేగస్‌కీ దానికీ తేడా లేదు. నవాహో నేషన్ మాత్రం వేసవి కాలమానం పాటిస్తుంది కాబట్టి అక్కడ గంట ముందు. పేజ్ ఊరు ఆరిజోనా టైమే, యాంటిలోప్ టూర్లు కూడా ఆరిజోనా టైమ్ ప్రకారమే నడుస్తాయి. కానీ దారిలో నవాహో భూమి దాటుతున్నప్పుడు, పేజ్ చుట్టుపక్కల కూడా, ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ గంట చూపిస్తుంది. ఒక్కోసారి యూటా టవర్ పట్టుకుంటుంది, అదీ గంట ముందే. పార్కు వదిలే ముందు ఫోన్లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ టైమ్‌కి పెట్టుకోండి, అలారం కూడా ఆ తర్వాతే పెట్టండి.